కరకరలాడే చికెన్ రైస్ బౌల్: ఇంట్లోనే చేసుకునే పద్ధతి

పార్శిల్ తెప్పించుకున్న చికెన్ రైస్ బౌల్‌తో ఒక చిక్కు ఉంది. ఫొటోలో కరకరలాడుతూ కనిపించిన ముక్క, డబ్బా మూత తీసేసరికి చారులో పడ్డ అప్పడంలా మెత్తబడి ఉంటుంది. వండినవాళ్లని అనడానికేం లేదు. వేడి అన్నం మీద వేడి ముక్కలు పేర్చి, పైన సాస్ పోసి, మూత బిగిస్తే ఆ ఆవిరికి బయటికి దారి ఉండదు, ముక్క పైపూతలోకే దిగుతుంది. అందుకే ఇది హోటల్లో కన్నా ఇంట్లోనే బాగా కుదిరే వంటకం. బాండీలోంచి తీసిన ఐదు నిమిషాల్లో తినేస్తాం కాబట్టి.

ఇందులో తెలుసుకోవలసిన మెళకువ ఒకటే: తడిని అదుపులో పెట్టడం. ముక్కకి అంటిన నీళ్లు, మసాలాలో ఊరే నీరు, అన్నం ఆవిరి, కూరగాయల చెమ్మ, సాస్. ఒక్కోటి ఎక్కడ చేరుతుందో చూసుకుని అక్కడే ఆపుకుంటూ పోవాలి. కారం, మసాలాలు ఎవరిష్టం వాళ్లది. నేను ఇచ్చిన కొలతల్లో కారం సగానికి తగ్గించినా, రెట్టింపు చేసినా ఏమీ కాదు. తడి విషయంలో మాత్రం ఆ వెసులుబాటు లేదు.

కింది కొలతలు ముగ్గురికి సరిపోతాయి. బాగా తినే కుర్రాళ్లుంటే ఇద్దరికే.

చికెన్ ఎలాంటిది కొనాలి

బోన్‌లెస్ అరకిలో. షాపులో ఊరికే "బోన్‌లెస్ ఇవ్వండి" అంటే చాలా చోట్ల బ్రెస్ట్ ముక్కలే కొట్టి ఇస్తారు. "లెగ్ బోన్‌లెస్ కావాలి" అని విడిగా అడగండి. తొడ మాంసంలో కొవ్వు కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి రెండుసార్లు నూనెలో వేసినా లోపల ఎండిపోదు. ఈ వంటకంలో రెండుసార్లు వేయించడం తప్పనిసరి, కాబట్టి ఈ తేడా బాగానే తెలుస్తుంది. బ్రెస్ట్ మాత్రమే దొరికితే వంట మానుకోనక్కర్లేదు. ముక్కల్ని అడ్డంగా, పల్చగా కోసి, వేయించే సమయాన్ని ఒక నిమిషం తగ్గించండి.

ముక్క అంగుళం నుంచి అంగుళంన్నర ఉండాలి. అన్నీ ఒకే సైజులో ఉండటం అంతకన్నా ముఖ్యం. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే చిన్నది మాడేదాకా పెద్దది పచ్చిగానే ఉంటుంది. షాపువాళ్లు కొట్టి ఇచ్చిన ముక్కల్ని ఇంటికొచ్చాక ఒకసారి కత్తితో సరిచేసుకుంటే రెండు నిమిషాల పని.

ఇక కడగడం. పచ్చి చికెన్‌ని కుళాయి కింద కడిగితే ఆ నీటి తుంపర్లతో క్రిములు సింకుకీ, పక్కనున్న గిన్నెలకీ అంటుకుంటాయనీ, ఉడికించే వేడికే అవి చస్తాయి కాబట్టి కడగొద్దనీ ఆహార భద్రత నిపుణులు చెబుతారు. మన ఇళ్లలో పసుపు, ఉప్పు వేసి కడగకపోతే చాలామందికి మనసొప్పదు. కడిగేటట్టయితే కుళాయి ధార కింద కాకుండా గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, సింకుని సబ్బుతో తోమేయండి. ఆ తర్వాత ముక్కల్ని జల్లెడలో పది నిమిషాలు వదిలి, టిష్యూతో ఒక్కో ముక్కనీ ఒత్తి తుడవండి. ఈ తుడవడం దగ్గర బద్ధకిస్తే కింద చెప్పినవన్నీ అక్షరాలా పాటించినా ముక్క కరకరలాడదు.

ముందు బియ్యం నానబెట్టండి

చికెన్ పని మొదలుపెట్టే ముందే ఒకటిన్నర కప్పు, అంటే సుమారు 300 గ్రాముల బియ్యం కడిగి నానబెట్టండి. ఇరవై నిమిషాలు చాలు.

దీనికి బాస్మతి అక్కర్లేదన్నది నా అభిప్రాయం. పొడవాటి పొడి మెతుకుల మీద సాస్ నిలవదు, జారి గిన్నె అడుగుకి చేరుతుంది. మనం రోజూ తినే సన్నబియ్యమే దీనికి తగినది. బాపట్ల పరిశోధన కేంద్రంలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, గానీ అలాంటి సన్నరకం మరేదైనా గానీ తీసుకోండి. మెతుకు విడిగా ఉంటుంది, అలాగని గట్టిగా ఉండదు. సాస్‌ని పట్టుకుంటుంది. పాత బియ్యమైతే మరీ మంచిది. కొత్త బియ్యం ముద్దవుతుంది, ముద్దన్నం ఆవిరిని లోపలే దాచుకుని మెల్లగా వదులుతుంది.

నానాక వడకట్టి, పాత బియ్యానికి కప్పుకి ఒకటిముప్పావు కప్పు నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి కుక్కర్లో రెండు విజిల్స్ రానివ్వండి. కొత్త బియ్యమైతే నీళ్లు ఒకటిన్నర కప్పుకి తగ్గించండి. మీ కుక్కర్ సంగతి మీకే బాగా తెలుస్తుంది కాబట్టి అటూఇటూ మార్చుకోండి. పప్పన్నానికి వండే దానికన్నా ఒక్క పిసరు పలుకుగా ఉంటే సరి.

ఆవిరి దానంతటదే దిగాక మూత తీసి, అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి, అరచెంచా నెయ్యి వేసి ఫోర్కుతో విడదీయండి. ఐదారు నిమిషాలు అలా వదిలేస్తే పొగలు తగ్గుతాయి. అన్నం వేడిగానే ఉండాలి, పొగలు కక్కుతూ ఉండకూడదు. పిల్లలకి గోరుముద్దలు తినిపించే వేడి ఉంటుంది చూడండి, అంత.

ఉదయం మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో ఉంటే దానికి మించింది లేదు. బాండీలో చెంచాడు నెయ్యి, నాలుగు దంచిన వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు మిరియాల పొడి వేసి అందులో అన్నాన్ని తిప్పి బాగా వేడెక్కనివ్వండి. కాకపోతే ఆ అన్నం వండిన గంట రెండు గంటల్లోనే ఫ్రిజ్‌లోకి వెళ్లి ఉండాలి. పొద్దుట్నుంచీ గట్టు మీదే ఉన్న అన్నం వద్దు. వండిన అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అది వదిలే విషాల్లో ఒకటి మళ్లీ వేడి చేసినా పోదు.

ఊరబెట్టడం

తుడిచిన ముక్కల్లో ఇవి వేయండి:

- అల్లం వెల్లుల్లి ముద్ద: 1 టేబుల్ స్పూన్ (ఇంట్లో నూరినదైతే నీళ్లు పోయకుండా)
- కారం: 1 టీస్పూన్
- మిరియాల పొడి: అర టీస్పూన్
- సోయా సాస్: 1 టేబుల్ స్పూన్
- ఉప్పు: అర టీస్పూన్ (సోయా సాస్‌లో ఉప్పు ఉంది, గుర్తుంచుకోండి)
- పసుపు: చిటికెడు
- నిమ్మరసం: 1 టీస్పూన్

చేత్తో బాగా పిసికి ఇరవై నిమిషాలు పక్కన పెట్టండి. ఎండాకాలమైతే ఫ్రిజ్‌లో పెట్టండి. గంటల కొద్దీ ఊరబెట్టక్కర్లేదు. ముక్కలు చిన్నవి, పైగా పూతలో కూడా రుచి ఉంటుంది.

పెరుగు ఎందుకు లేదని అడుగుతారేమో. మన వేపుళ్లలో, బిర్యానీలో పెరుగు బాగుంటుంది. ఇక్కడ మాత్రం అది నీరు వదిలి పూతని జారిపోయేలా చేస్తుంది. గరం మసాలా వేసుకోవచ్చు గానీ పావు టీస్పూన్ దాటించకండి. నూనెలో మాడితే చేదొస్తుంది. ఎర్రగా కనిపించాలంటే కాశ్మీరీ కారం ఒక టీస్పూన్ కలపండి, రంగు పొడి జోలికి మాత్రం పోవద్దు.

పూత

కరకర ఎంత వస్తుందనేది సగం ఇక్కడే తేలిపోతుంది. ఇంట్లో చాలామంది మైదా ఎక్కువ, కార్న్ ఫ్లోర్ తక్కువ వేస్తారు. అది తిరగబడాలి. మైదాలో ఉండే గ్లూటెన్ తడి తగిలితే సాగి, వేగాక రొట్టెలా మందంగా తయారవుతుంది. వేడిగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, చల్లారితే నములుడు పడుతుంది. కార్న్ ఫ్లోర్ దాదాపు అంతా స్టార్చే కాబట్టి పల్చగా, పెళుసుగా వేగుతుంది. బియ్యప్పిండి సంగతి చెక్కలూ జంతికలూ చేసే ఇళ్లకి నేను చెప్పక్కర్లేదు. అది గట్టి కరకరనిస్తుంది, చల్లారినా తొందరగా మెత్తబడదు. మైదా ఉండాలి, పూత ముక్కని వదలకుండా పట్టుకునేంత మాత్రమే.

పొడి పూతకి:

- కార్న్ ఫ్లోర్: అర కప్పు
- బియ్యప్పిండి: పావు కప్పు (మెత్తటిది)
- మైదా: 2 టేబుల్ స్పూన్లు
- ఉప్పు, కారం, మిరియాల పొడి: తలో పావు టీస్పూన్
- బేకింగ్ పౌడర్: పావు టీస్పూన్ (ఉంటేనే)

అమెరికాలో ఉన్నవాళ్లు కార్న్ స్టార్చ్ అని రాసి ఉన్న తెల్లటి పొడి కొనాలి. అక్కడ కార్న్ ఫ్లోర్ పేరుతో దొరికేది పసుపుపచ్చని మొక్కజొన్న పిండి, దాంతో ఈ పని జరగదు. జపాన్‌లో కరాగే అనే వేయించిన చికెన్‌కి బంగాళదుంప స్టార్చ్ వాడతారు. ఏషియన్ స్టోర్లో అది దొరికితే కార్న్ ఫ్లోర్ బదులు అంతే కొలతలో వేసి చూడండి, ఇంకా తేలిగ్గా వస్తుంది.

ఊరిన చికెన్‌లో ఒక గుడ్డు తెల్లసొన, 2 టేబుల్ స్పూన్ల కార్న్ ఫ్లోర్ (పైన చెప్పిన అర కప్పు కాకుండా) వేసి కలపండి. ముక్కల చుట్టూ జిగురుగా పట్టుకోవాలి, గిన్నె అడుగున కారుతూ కనిపించకూడదు. కారుతుంటే ఇంకో చెంచా పిండి వేయండి. పచ్చసొన వద్దు, అందులోని కొవ్వు వల్ల పూత మెత్తగా వస్తుంది.

ఇప్పుడు ఒక్కో ముక్కనీ పొడి పిండిలో వేసి, దొర్లించడంతో సరిపెట్టకుండా అరచేత్తో గట్టిగా అదమండి. ఆ పిండిలోనే ముందుగా రెండు చెంచాల నీళ్లు చిలకరించి వేళ్లతో నలిపితే చిన్న చిన్న పలుకులు కడతాయి. అవి ముక్కకి అంటుకుని వేగినప్పుడు గరుకుగా, ఫ్రైడ్ చికెన్ షాపుల్లో కనిపించే పొరల్లా వస్తాయి. నీళ్లని దగ్గరికి రానివ్వకూడదని ఇందాకటి నుంచీ చెప్పి ఇక్కడ పోయమంటున్నానని అనుకోకండి. ఇవి పలుకులు కట్టడానికే, నూనెలో పడగానే ఆవిరైపోతాయి.

పూత పట్టించిన ముక్కల్ని ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పరిచి పది నిమిషాలు వదిలేయండి. పైన తెల్లగా కనిపించిన పొడి పిండి మెల్లగా చెమ్మ పీల్చి ముక్కకి అతుక్కుంటుంది. తొందరపడి వెంటనే నూనెలో వేస్తే పిండి రాలిపోతుంది, రాలిన పిండి అడుగున మాడి నూనెంతా నల్లబడుతుంది.

ఆ పది నిమిషాల్లో సాస్, ముక్కలు

సాస్: చిన్న గిన్నెలో చెంచాడు నూనె వేసి ఐదు వెల్లుల్లి రెబ్బల్ని సన్నగా తరిగి వేయించండి. రంగు మారేలోపే 2 టేబుల్ స్పూన్ల సోయా సాస్, పావు కప్పు నీళ్లు, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల బెల్లం తురుము, 2 టీస్పూన్ల వెనిగర్, 1 టీస్పూన్ కారం వేసి మరిగించండి. నానబెట్టి నూరిన ఎండుమిర్చి ముద్ద ఉంటే కారం బదులు అది వేయండి, రుచి ఎక్కడికో వెళ్తుంది. అర టీస్పూన్ కార్న్ ఫ్లోర్‌ని కాసిని నీళ్లలో కలిపి పోసి, చెంచా వెనక పల్చగా అంటుకునే దాకా రెండు నిమిషాలు ఉంచి దించేయండి. ఉప్పు వేయకండి, రుచి చూశాక కావాలంటే చూద్దురు గాని.

తెల్ల సాస్ కూడా కావాలనుకునేవాళ్లు మయొనైజ్ బదులు గట్టి పెరుగు వాడండి. చికెన్ ఊరబెట్టేటప్పుడే అర కప్పు పెరుగుని పల్చని గుడ్డలో మూటకట్టి అరగంట వేలాడదీస్తే నీరంతా దిగిపోతుంది. అందులో ఒక వెల్లుల్లి రెబ్బ, ఒక పచ్చిమిర్చి, గుప్పెడు కొత్తిమీర నూరి, ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి కలిపితే సరి. పచ్చి గుడ్డుతో ఇంట్లో మయొనైజ్ చేసే ప్రయత్నం వద్దు. ఆరోగ్య సమస్యలు వస్తున్నాయనే తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న పచ్చి గుడ్ల మయొనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది. పైగా ఇంత వేయించిన చికెన్ మీద పుల్లటి పెరుగే నోటికి హాయిగా ఉంటుంది.

కూరగాయల్లో క్యాబేజీ, క్యారెట్, కీరా, ఉల్లిపాయ నాలుగూ ఉంటే బాగుంటుంది, రెండున్నా చాలు. క్యాబేజీని వెంట్రుకల్లా సన్నగా తరగండి. ఉల్లిపాయని నిలువుగా చీరి, 2 టేబుల్ స్పూన్ల వెనిగర్, ఒక టీస్పూన్ చక్కెర, చిటికెడు ఉప్పు వేసి పిసికి వదిలేస్తే పదిహేను నిమిషాల్లో గులాబీ రంగుకి తిరుగుతుంది. గిన్నెలో వేసే ముందు గట్టిగా పిండండి. కీరాలో గింజల భాగం తీసేస్తే నీరు తక్కువ వదులుతుంది. టమాటా వద్దు.

వేయించడం

నూనె ఎక్కువ అవుతుందని భయపడి వెడల్పాటి బాండీలో కొంచెం నూనె పోస్తుంటారు. చిన్న లోతైన బాండీ తీసుకోండి, అర లీటరు నూనెతో పని అయిపోతుంది. బాండీలో సగానికి మించి నూనె ఉండకూడదు. ముక్కలు వేయగానే పొంగి పైకొస్తుంది. వేరుశనగ, సన్‌ఫ్లవర్, రైస్ బ్రాన్, ఏ రిఫైన్డ్ నూనైనా ఫరవాలేదు.

మొదటి వాయి మధ్యస్థ వేడిలో. థర్మామీటర్ ఉంటే 160 నుంచి 165 డిగ్రీల సెల్సియస్. లేకపోతే పూత పిండి చిటికెడు నూనెలో వేయండి. అడుగుకి వెళ్లి ఒకటి రెండు సెకన్లాగి మెల్లగా పైకి తేలితే సరిగ్గా ఉన్నట్టు. పడీ పడగానే తేలి ఎర్రబడితే వేడి ఎక్కువైంది, స్టవ్ తగ్గించి ఒక నిమిషం ఆగండి.

ముక్కల్ని ఒక్కొక్కటిగా, బాండీ అంచు నుంచి జార్చండి. ఒక వాయికి ఏడెనిమిది ముక్కలే. ఎక్కువ వేస్తే నూనె వేడి ఒక్కసారిగా పడిపోయి, పూత గట్టిపడేలోపే నూనె పీల్చేస్తుంది. వేసిన ముప్పై నలభై సెకన్లు గరిటె పెట్టకండి. పూత కాస్త గట్టిపడ్డాక విడదీసి తిప్పండి. మొత్తం మూడున్నర నుంచి నాలుగు నిమిషాలు. లేత గోధుమ రంగు వస్తే తీసేయండి. ఈ దశలో ఎర్రగా కనిపించాలని చూడొద్దు.

తీసిన ముక్కలు ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యమే. టిష్యూ పరిచిన పళ్లెంలో పెడితే పైభాగం బాగానే ఉంటుంది, కింది భాగం మాత్రం ఆవిరి పోయే దారిలేక చెమర్చి మెత్తబడుతుంది. పుల్కాలు కాల్చే జాలీని పళ్లెం మీద పెట్టి దాని మీద వేయండి. జాలీ లేకపోతే స్టీలు జల్లెడ బోర్లించి వాడుకోండి. మూత పెట్టకండి.

అన్ని వాయిలూ అయ్యాక, మొదటి వాయి ముక్కలకి ఐదు నిమిషాల విరామం దొరికిందో లేదో చూసుకుని రెండో వేపుడు మొదలుపెట్టండి. ఆ విరామంలో ముక్క లోపలి చెమ్మ పైపూతలోకి వస్తుంది. ఒకసారి మాత్రమే వేయించిన ముక్క కాసేపట్లో మెత్తబడేది అందుకే. ఆ చెమ్మ పైకొచ్చేదాకా ఆగి, దాన్ని రెండోసారి బాగా కాగిన నూనెలో తరిమేస్తాం.

దీనికి నూనె 185 నుంచి 190 డిగ్రీలుండాలి. పిండి చిటికెడు వేస్తే చుయ్యిమంటూ వెంటనే తేలాలి. పొగ మాత్రం రాకూడదు. ముందుగా చిల్లుల గరిటెతో నూనెలో రాలిన పిండి తీసేయండి, లేకపోతే అది మాడి ముక్కలకి అంటుకుంటుంది. ఈసారి వాయికి పది పన్నెండు వేసినా ఇబ్బంది లేదు. ఒక నిమిషం, మహా అయితే నిమిషంన్నర. చప్పుడు మీద చెవి పెట్టండి. మొదట గలగలమనే నూనె, నీరు తగ్గేకొద్దీ నెమ్మదిస్తుంది. బంగారు రంగు వచ్చి, గరిటెతో కదిపితే ముక్కలు గలగలలాడుతుంటే తీసేయండి.

ఉడికిందో లేదో అనుమానం ఉంటే అన్నిటికన్నా పెద్ద ముక్కని కోసి చూడండి. లోపల గులాబీ రంగు ఉండకూడదు, కారే రసం తేటగా ఉండాలి. థర్మామీటర్ ఉన్నవాళ్లకి లెక్క: ముక్క నడిమధ్యన 74 డిగ్రీలు.

చివరగా స్టవ్ ఆపేసి అదే నూనెలో నాలుగు చీరిన పచ్చిమిర్చి, రెండు రెబ్బల కరివేపాకు వేసి వెంటనే తీయండి. రెండూ పొడిగా తుడిచి ఉండాలి, లేదంటే చేతుల మీదికి చిట్లుతాయి. 1965లో చెన్నై బుహారీ హోటల్లో పుట్టిందని చెప్పుకునే చికెన్ 65 మీద మనకి అలవాటైన ఈ ఘుమఘుమ ఇక్కడా బాగా అతుకుతుంది. ఆ చికెన్ 65ని మన దగ్గర చాలా చోట్ల ఆఖర్న పెరుగు, మిర్చి సాస్‌లో తిప్పి ఇస్తారు. ఆ పని ఇక్కడ చేయకండి.

స్టవ్ దగ్గర జాగ్రత్తలు కొన్ని. నూనె కాగుతున్నప్పుడు ఫోన్ మాట్లాడుతూ పక్క గదిలోకి వెళ్లొద్దు. నూనెకి మంట అంటుకుంటే నీళ్లు పోయకూడదు. స్టవ్ ఆపి మూత పెట్టేయాలి. విదేశాల్లో అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు చిమ్నీ ముందే ఆన్ చేసి కిటికీ తెరుచుకోండి, స్మోక్ అలారం మోగితే ఆ టెన్షన్‌లో వాయి మొత్తం మాడుతుంది.

ఎయిర్ ఫ్రయర్‌లో చేస్తే

చేయొచ్చు, కానీ అది వేరే వంటకం. పొడి పిండి అక్కడక్కడ తెల్లగానే మిగిలిపోతుంది. దానికి విరుగుడు, పూతలోనే 2 టేబుల్ స్పూన్ల నూనె కలిపి, ముక్కల మీద కూడా స్ప్రే చేయడం. 200 డిగ్రీల్లో ముందు ఐదు నిమిషాలు ఖాళీగా వేడెక్కనిచ్చి, ముక్కలు తగలకుండా పేర్చి పన్నెండు నుంచి పద్నాలుగు నిమిషాలు ఉంచండి, మధ్యలో ఒకసారి తిప్పండి. పూత పిండిలో బియ్యప్పిండి కొలత తగ్గించండి, నూనె చాలక పలుకులుగా ఉండిపోతుంది. నూనె తగ్గించుకోవాలన్నదే మీ ఉద్దేశమైతే నేనైతే అడుగున అరంగుళం నూనె పోసి, రెండు వైపులా తిప్పి వేయించడమే మేలంటాను.

గిన్నెలో పేర్చే వరుస

జపాన్‌లో డోన్‌బురి అని గిన్నెడు అన్నం మీద అన్నీ పరిచి తినే పద్ధతి ఉంది. అందులో కాత్సుడోన్ అనేదానికి వేయించిన పంది మాంసం కట్లెట్‌ని గుడ్డు, ఉల్లిపాయ, సోయా రసంలో కావాలనే ఉడికించి మెత్తబరుస్తారు. అదో రుచి. మనకి కావలసింది అది కాదు కాబట్టి వరుస మార్చాలి.

వెడల్పాటి, లోతు తక్కువున్న గిన్నె తీసుకోండి. అడుగున ఆవిరి తగ్గిన అన్నం, వదులుగా, అదమకుండా. ఎర్ర సాస్‌ని రెండు చెంచాలు అన్నం మీదే వేయండి, చికెన్ మీద కాదు. దాని మీద క్యాబేజీ ఒక పొర పరవండి. ఇది అలంకారానికి కాదు, అన్నం ఆవిరికీ చికెన్‌కీ మధ్య అడ్డుగా ఉంటుంది. ఒక పక్కన ఉల్లిపాయ, కీరా, క్యారెట్. చికెన్ అన్నిటికన్నా ఆఖర్న, క్యాబేజీ మీద. పెరుగు సాస్ చిన్న గిన్నెలో విడిగా ఉంటే ముంచుకు తినొచ్చు. పైన వేగిన కరివేపాకు, వేయించిన నువ్వులు కాసిని.

గుడ్డు వేయాలనుకుంటే పచ్చసొన గట్టిపడేలా వేసిన ఆమ్లెట్ ముక్కలో, ఉడికించిన గుడ్డో వేయండి. హాఫ్ బాయిల్ చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ సొన కారి ముక్కలన్నీ తడుస్తాయి.

ఆవకాయ ఉన్న ఇంట్లో ఇంకో దారి ఉంది. సాస్ చేసే ఓపిక లేనప్పుడు ఆవకాయ ఊట ఒక చెంచా, నెయ్యి అరచెంచా అన్నంలో కలిపి, మిగతాదంతా పైన చెప్పినట్టే పేర్చండి. గోంగూర పచ్చడితో ఇంకా బాగుంటుందని వాదించేవాళ్లున్నారు. నా ఓటు ఆవకాయకే.

ఏదైనా తేడా వస్తే

పూత ఊడిపోతుంటే రెండు కారణాల్లో ఒకటి: ముక్క తడిగా ఉంది, లేదా పూత పట్టాక పది నిమిషాలు ఆగలేదు. పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటే మొదటి వాయిలో నూనె ఎక్కువ కాగింది. ఆ ముక్కల్ని పారేయకండి, సన్నటి సెగ మీద ఇంకో రెండు నిమిషాలు ఉంచండి. నూనె కారుతూ జిడ్డుగా వస్తే వేడి చాలలేదు, లేదా వాయికి ఎక్కువ వేశారు. పూత గట్టిగా రాయిలా ఉంటే బియ్యప్పిండి ఎక్కువైంది, లేదా పిండి బరకగా ఉంది. ఉప్పగా ఉంటే సోయా సాస్‌నే అనుమానించండి. ఒక్కో బ్రాండులో ఉప్పు ఒక్కోలా ఉంటుంది, డార్క్ సోయా అయితే రంగు కూడా నల్లబడుతుంది.

పిల్లల డబ్బాకి, మర్నాటికి

లంచ్ బాక్స్‌లో పెట్టాలంటే అన్నం, చికెన్, సాస్ మూడూ వేరు వేరు గిన్నెల్లో ఉండాలి. చికెన్ పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి. కరకర అంతా నిలవదు గానీ మధ్యాహ్నానికి బియ్యప్పిండి పుణ్యాన కొంత మిగులుతుంది.

వారం మధ్యలో పని తేలిగ్గా కావాలంటే ఆదివారం మొదటి వేపుడు వరకే చేసి, చల్లార్చి, ముక్కలు అంటుకోకుండా పళ్లెంలో పరిచి డీప్ ఫ్రిజ్‌లో గట్టిపరిచి కవర్లో వేసుకోండి. మొదటి వాయిలోనే ముక్క లోపలి దాకా ఉడికిందని ఒకటి కోసి చూసుకోవాలి. కావలసిన రోజు ఫ్రిజ్ కింది అరలో కరగనిచ్చి, పైన చేరిన చెమ్మ తుడిచి రెండో వేపుడు వేయండి. గడ్డకట్టినవి నేరుగా కాగిన నూనెలో వేయకూడదు, ఆ మంచు నీరై నూనె ఎగచిమ్ముతుంది.

తినగా మిగిలిన ముక్కల్ని మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరు నమిలినట్టుంటుంది. ఎయిర్ ఫ్రయర్ ఉంటే 180 డిగ్రీల్లో నాలుగైదు నిమిషాలు, లేకపోతే ఇనుప పెనం మీద నూనె లేకుండా మధ్యస్థం సెగలో, తిప్పుతూ. వాడిన నూనె చల్లారాక పల్చని గుడ్డలో వడకట్టి సీసాలో పోసుకుంటే వారంలోపు కూరలకీ పోపులకీ పనికొస్తుంది. నల్లబడినా, నురగ కట్టినా, కాస్త కాగగానే పొగ వచ్చినా పారేయాల్సిందే. సింకులో పోయకండి, గొట్టం మూసుకుపోతుంది. పాత పాల ప్యాకెట్లో పోసి మూతి ముడేసి చెత్తబుట్టలో వేయండి.